టికెట్టు లేని కచేరీకి డబ్బు కట్టేదెవరు?

జూన్ రెండో వారం వచ్చిందంటే షికాగోలో బుధ, శుక్ర, శనివారాల సాయంత్రాల తీరే మారిపోతుంది. ఆఫీసులు వదిలిన జనం మిషిగన్ అవెన్యూ దాటి మిలీనియం పార్కులోకి వస్తారు. చేతుల్లో దుప్పట్లు, మడత కుర్చీలు, టిఫిన్ డబ్బాలు. పిల్లల్ని బండ్లలో తోసుకొచ్చేవాళ్లు కొందరు, తాతను చేయిపట్టుకుని నడిపించుకొచ్చేవాళ్లు కొందరు. పచ్చికలో ఎవరికి నచ్చిన చోట వాళ్లు దుప్పటి పరుచుకుంటారు. బుధ, శుక్రవారాల్లో ఆరున్నర అయ్యేసరికి వేదిక మీద ఓబో అనే సన్నని ఊదుడు వాద్యం నుంచి ఒకే ఒక స్వరం నిలకడగా వినిపిస్తుంది. వేదిక మీద ఉన్నవాళ్లంతా దానికి శ్రుతి కలుపుకుంటారు. ఆ తర్వాత బీతోవెన్ కావచ్చు, ద్వోర్జాక్ కావచ్చు, నిన్నమొన్న రాసిన కొత్త రచన కావచ్చు. వినడానికి వచ్చినవాళ్లలో చాలామంది టికెట్టు కొనలేదు. కొనాల్సిన అవసరమే లేదు.

దీని పేరు గ్రాంట్ పార్క్ మ్యూజిక్ ఫెస్టివల్. 1935 జులై 1న మొదలైంది. వేసవిలో పది వారాల పాటు, పూర్తిస్థాయి సింఫనీ ఆర్కెస్ట్రాతో, గాయక బృందంతో జరుగుతుంది. ముందు వరుసల్లో కుర్చీ ఖాయంగా కావాలనుకునేవాళ్లు సభ్యత్వం తీసుకుంటారు. మిగతా కుర్చీలు, వెనకున్న పచ్చిక అందరివీ. కుర్చీలు 4,000. పచ్చికలో మరో 7,000 మంది పడతారు.

ఇంత పెద్ద కచేరీ ఊరికే వినడానికి దొరికితే ఎవరికైనా ఒక సందేహం రావాలి. వేదిక మీద ఎనభై తొంభై మంది ఉంటారు. ఒక్కొక్కరూ చిన్నప్పటి నుంచి సాధన చేసి, గట్టి పోటీ నెగ్గి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు. వీళ్లకు అన్నం పెట్టేదెవరు? ఉచిత కచేరీల చరిత్రలో అసలు కథ ఈ ప్రశ్న దగ్గరే ఉంది. ఆ కథ మొదలైంది సంగీతాభిమానంతో కాదు, నిరుద్యోగంతో.

మూకీ సినిమాల రోజుల్లో అమెరికాలో పెద్ద థియేటరు ప్రతిదానికీ సొంత వాద్యబృందం ఉండేది. తెర మీద బొమ్మ ఆడుతుంటే తెర ముందు కూర్చుని వాళ్లు వాయించేవాళ్లు. ఆ పని మీద వేల కుటుంబాలు బతికేవి. 1927లో ‘ది జాజ్ సింగర్’ వచ్చింది. బొమ్మే మాట్లాడటం, పాడటం మొదలుపెట్టింది. కొద్ది ఏళ్లలోనే థియేటర్లలో వాద్యకారుల కుర్చీలు ఖాళీ అయ్యాయి. అంతలో 1929 ఆర్థిక మాంద్యం విరుచుకుపడింది. హోటళ్లు, క్లబ్బులు కూడా వాద్యబృందాలను వదిలించుకున్నాయి. రేడియో వచ్చింది, గ్రామఫోను రికార్డు వచ్చింది, నాణెం వేస్తే పాట పాడే జూక్‌బాక్స్ వచ్చింది. వచ్చిన ప్రతి యంత్రమూ కొందరి చేతుల్లోంచి వాద్యాలను లాగేసుకుంది.

షికాగోలో ఈ నష్టాన్ని దగ్గరగా చూసినవాడు జేమ్స్ సీజర్ పెట్రిల్లో. 1892లో అదే ఊళ్లో పుట్టాడు. తండ్రి ఇటలీ నుంచి వలస వచ్చి, మురుగు కాలువలు తవ్విన కూలీ. పెట్రిల్లో చిన్నప్పుడు ట్రంపెట్ నేర్చుకున్నాడు గానీ అది అంతగా పట్టుబడలేదు. డ్రమ్ములకు మారాడు. వాద్యకారుడిగా గొప్పవాడు కాలేదు. వాద్యకారుల నాయకుడిగా మాత్రం దేశమంతా తెలిసినవాడయ్యాడు. 1922లో షికాగో వాద్యకారుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. నగర పార్కుల పాలకవర్గంలోనూ అతనికి చోటు దొరికింది. పని లేని వాద్యకారులు ఒకవైపు, డబ్బు లేక వినోదానికి దూరమైన జనం మరోవైపు. రెండింటికీ మధ్య పార్కు ఉంది. వాద్యకారులకు సొమ్ము ముట్టాలి, జనానికి సంగీతం ఊరికే అందాలి. గ్రాంట్ పార్క్ కచేరీలు ఆ లెక్క మీదే పుట్టాయి.

పెట్రిల్లో అక్కడితో ఆగలేదు. 1940లో దేశవ్యాప్త వాద్యకారుల సమాఖ్యకు అధ్యక్షుడై, 1942 ఆగస్టు 1 నుంచి సభ్యులెవరూ రికార్డింగులకు వాయించకూడదని ఆజ్ఞ వేశాడు. అతని వాదన సూటిగా ఉంది. వాద్యకారుడు ఒక పూట కూలి తీసుకుని రికార్డుకు వాయిస్తాడు. ఆ రికార్డు ఏళ్ల తరబడి రేడియోలో, జూక్‌బాక్స్‌లో మోగుతుంది. అది మోగిన చోటల్లా ఒక వాద్యబృందానికి పని పోతుంది. అంటే వాద్యకారుడు తన పొట్ట కొట్టే పనిముట్టును తన చేతులతోనే తయారు చేస్తున్నాడు. కాబట్టి అమ్ముడైన ప్రతి రికార్డు మీదా వాద్యకారులకు కొంత వాటా రావాలి. దేశం అప్పుడు రెండో ప్రపంచ యుద్ధంలో ఉంది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్వయంగా అడిగినా పెట్రిల్లో తగ్గలేదు. కంపెనీలు ఒక్కొక్కటిగా దిగివచ్చాయి. చివరి పెద్ద కంపెనీలు రెండూ 1944 నవంబరులో ఒప్పుకున్నాయి.

ఆ తర్వాత వచ్చిన కొత్త కార్మిక చట్టం, సంఘాలు అలాంటి నిధులను తామే నడపకూడదంది. 1948లో మళ్లీ ఏడాది పాటు రికార్డింగులు ఆగాయి. చివరికి కుదిరిన ఏర్పాటు ఇది: రికార్డు కంపెనీలు అమ్మకాలను బట్టి ఒక ట్రస్టుకు డబ్బు జమచేస్తాయి. దాన్ని ఎవరి పక్షమూ కాని ధర్మకర్త నడుపుతాడు. ఆ డబ్బుతో వాద్యకారులకు సంఘం నిర్ణయించిన కూలి ఇచ్చి, జనానికి ఉచితంగా కచేరీలు ఏర్పాటు చేస్తారు. పార్కుల్లో, బళ్లలో, ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో ఎక్కడైనా సరే, ప్రవేశం అందరికీ ఉచితంగా ఉండాలి. రికార్డుతో పని పోయిన చోట, రికార్డు డబ్బుతోనే మళ్లీ పని పుట్టించాలన్నది దీని వెనకున్న ఆలోచన. మ్యూజిక్ పెర్ఫార్మెన్స్ ట్రస్ట్ ఫండ్ అనే ఆ నిధి ఇప్పటికీ ఉంది. సీడీల అమ్మకాలు పడిపోయాక బాగా చిక్కిపోయినా, పని మానలేదు.

పెట్రిల్లోను మహాత్ముడిగా చూపించనక్కర్లేదు. మిషిగన్ రాష్ట్రంలో ఇంటర్‌లాకెన్ అనే చోట వేసవి శిబిరంలో సంగీతం నేర్చుకునే పిల్లల ఆర్కెస్ట్రా రేడియోలో వాయించడాన్ని 1942లో ఆపించింది ఇతనే. పిల్లలు జీతం లేకుండా వాయిస్తే పెద్దల పని పోతుందన్నాడు. పసిపిల్లల మీద ప్రతాపమా అని పత్రికలు అతన్ని ఉతికి ఆరేశాయి. ఆ విమర్శ న్యాయమైనదే. అయితే అతను పట్టుబట్టిన మూలసూత్రం మాత్రం నేటికీ నిలిచి ఉంది. ఉచితం అన్న మాట వినేవాడికి చెందాలి, వాయించేవాడికి కాదు.

ఇప్పుడు కచేరీలు జరిగే వేదిక కథా చిన్నది కాదు. షికాగోలో మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న గ్రాంట్ పార్క్ నేలను ఎప్పటికీ కట్టడాలు లేకుండా జనానికి వదిలేయాలని 1836 నాటి పటం మీదే రాసి పెట్టారు. తర్వాత ఖాళీ స్థలం కనిపించినప్పుడల్లా ఏదో ఒకటి కట్టాలని పాలకులకు చేతులు దురద పెట్టాయి. ఆ దురదను అడ్డుకున్నది ఒక వ్యాపారి. ఎదురు వీధిలో పోస్టు ద్వారా సరుకులు అమ్మే కంపెనీ యజమాని మాంట్‌గొమరీ వార్డ్, 1890 నుంచి ఇరవై ఏళ్ల పాటు సొంత డబ్బుతో కోర్టుల్లో పోరాడి ఆ నేలను ఖాళీగా నిలబెట్టాడు. ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు అప్పట్లో అతన్ని తిట్టిపోశారు. ఈ రోజు పచ్చికలో దుప్పటి పరుచుకుని సంగీతం వింటున్న ప్రతి కుటుంబమూ అతనికి రుణపడి ఉంది.

2004 జులైలో ఆ నేల మీదే మిలీనియం పార్కుతో పాటు ప్రారంభమైన జే ప్రిట్జ్‌కర్ పెవిలియన్‌ను వాస్తుశిల్పి ఫ్రాంక్ గెహ్రీ రూపొందించారు. ఎత్తైన కట్టడాల మీద ఉన్న నిషేధం అడ్డురాకుండా దీన్ని భవనంగా కాక కళాఖండంగా లెక్కలో రాసుకున్నారు. ఖర్చు దాదాపు 6 కోట్ల డాలర్లు. అందులో కోటిన్నర డాలర్లు హయత్ హోటళ్ల ప్రిట్జ్‌కర్ కుటుంబం ఇచ్చింది. వేదిక చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు పెద్ద పెద్ద రిబ్బన్లలా మెలికలు తిరిగి ఉంటాయి. ఫొటోలన్నీ వాటివే. కానీ అసలు పనితనం పచ్చిక మీద ఉంది. దాదాపు 600 అడుగుల పొడవు, 300 అడుగుల వెడల్పున ఉక్కు గొట్టాలతో అల్లిన పెద్ద పందిరి ఆ పచ్చిక నెత్తిన పరుచుకుని ఉంటుంది. స్పీకర్లు ఆ పందిరికి వేలాడుతుంటాయి.

ఆరుబయట సంగీతానికి ఉన్న పెద్ద కష్టం, శబ్దం నిలవకపోవడం. హాల్లో గోడలు, పైకప్పు శబ్దాన్ని వెనక్కి పంపుతాయి, ఆ ప్రతిధ్వనితో వయొలిన్ల నాదం నిండుగా వినిపిస్తుంది. బయట అది గాల్లో కలిసిపోతుంది. దానికి మామూలు మందు వేదిక పక్కన పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టడం. అప్పుడు ముందున్నవాళ్ల చెవులు హోరెత్తుతాయి, వెనకున్నవాళ్లకు గొణుగుడు వినిపిస్తుంది. ఇక్కడ స్పీకర్లు శ్రోతల తలల మీదే ఉన్నాయి కాబట్టి ఎవరికీ గట్టిగా వినిపించాల్సిన అవసరం లేదు. ఇంకో చిక్కు ఉంది. తీగలో విద్యుత్తు క్షణంలో చేరుతుంది. గాలిలో శబ్దం మాత్రం సెకనుకు 340 మీటర్ల చొప్పునే నడుస్తుంది. స్పీకరు ముందే పలికితే వేదిక నుంచి వచ్చే అసలు శబ్దం తర్వాత వచ్చి, ప్రతి స్వరమూ రెండుసార్లు వినిపిస్తుంది. అందుకే దూరాన్ని బట్టి ఒక్కో వరుస స్పీకర్లను సెకనులో కొన్ని భాగాలు ఆలస్యంగా పలికిస్తారు. పచ్చికలో చివర కూర్చున్నవాళ్లకు కూడా సంగీతం తల మీది నుంచి కాక వేదిక మీది నుంచే వస్తున్నట్టు ఉంటుంది. కొన్ని స్పీకర్లు హాల్లోని ప్రతిధ్వనిని పోలిన నాదాన్ని చుట్టుపక్కల నుంచి కలుపుతాయి. టికెట్టు కొననివాళ్లకు నాసిరకం శబ్దం చాలులే అని ఎవరూ అనుకోలేదు. ఈ కచేరీల్లో అన్నిటికన్నా గౌరవించాల్సిన విషయం అదే.

షికాగో కన్నా ముందే ఈ దారి తొక్కినవాళ్లు లేకపోలేదు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో నామ్‌బర్గ్ కుటుంబం 1905లో మొదలుపెట్టిన ఉచిత కచేరీలు ఇంకా సాగుతున్నాయి. కానీ ఒక్క మనిషి పట్టుదలకు గుర్తుగా చెప్పుకోవాల్సింది బోస్టన్ కథ.

ఆర్థర్ ఫీడ్లర్ 1894లో బోస్టన్‌లోనే పుట్టాడు. తండ్రి బోస్టన్ సింఫనీలో వయొలిన్ వాద్యకారుడు. కొడుకూ అదే ఆర్కెస్ట్రాలో చేరి ఏళ్ల తరబడి వయోలా వాయించాడు. హాల్లోకి వచ్చేవాళ్లు ఎవరో, రాలేనివాళ్లు ఎవరో అక్కడ కూర్చుని చూశాడు. చార్లెస్ నది ఒడ్డున ఆరుబయట, టికెట్టు లేకుండా, మంచి ఆర్కెస్ట్రా సంగీతం వినిపించాలన్నది అతని కోరిక. డబ్బున్నవాళ్ల గుమ్మాలు ఎక్కి దిగి చందాలు పోగుచేశాడు. 1929 జులై 4న, ఒక తాత్కాలిక చెక్క వేదిక మీద మొదటి కచేరీ చేశాడు. మరుసటి ఏడాదే బోస్టన్ పాప్స్ ఆర్కెస్ట్రాకు కండక్టర్ అయ్యాడు. 1979లో చనిపోయేదాకా, దాదాపు యాభై ఏళ్లు, ఆ పదవిలోనే ఉన్నాడు. ఆ ఒడ్డున 1940లో హ్యాచ్ మెమోరియల్ షెల్ అనే శాశ్వత వేదిక లేచింది. మరియా హ్యాచ్ అనే ఆవిడ సోదరుడి జ్ఞాపకార్థం వీలునామాలో రాసిన సొమ్ముతో కట్టింది అది.

1970ల మొదట్లో జులై 4 స్వాతంత్ర్య దినోత్సవ కచేరీకి జనం పలచబడుతుంటే, డేవిడ్ ముగార్ అనే స్థానిక వ్యాపారి ఫీడ్లర్‌కు ఒక సలహా ఇచ్చాడు. చైకోవ్‌స్కీ రాసిన ‘1812 ఓవర్చర్’ను నిజమైన ఫిరంగులతో, చర్చి గంటలతో, బాణసంచాతో వాయిద్దామన్నాడు. 1974లో అలాగే వాయించారు. 1976లో, అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండిన రోజున, ఆ నది ఒడ్డుకు నాలుగు లక్షల మంది వచ్చారు. అప్పటికి శాస్త్రీయ కచేరీకి వచ్చిన జనంలో అదే గిన్నిస్ రికార్డు. ఫిరంగి మోతకు వచ్చిన జనాన్ని సంగీతానికి వచ్చిన జనంగా లెక్కపెట్టడమేమిటని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. కానీ రష్యా స్వరకర్త ఒకడు నెపోలియన్ ఓటమి మీద రాసిన రచనను లక్షల మంది పిల్లాజెల్లాతో కూర్చుని చివరిదాకా విన్నారంటే, అది చిన్న సంగతి కాదు.

ఆ రికార్డును పదేళ్ల తర్వాత దాటించినవాడు భారతీయుడు. 1986 జులై 5న, స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ శతాబ్ది ఉత్సవాల్లో, న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ సెంట్రల్ పార్కులో ఉచిత కచేరీ చేసింది. కండక్టర్ జుబిన్ మెహతా. బొంబాయి పార్సీ. తండ్రి మెహ్లీ మెహతా బొంబాయి సింఫనీని స్థాపించిన వయొలిన్ విద్వాంసుడు. ఆ రాత్రి వచ్చినవాళ్లు ఎనిమిది లక్షల మంది అని అంచనా. ఫిల్‌హార్మోనిక్ పార్కు కచేరీలు 1965 ఆగస్టు నుంచి ఉన్నాయి. ఇప్పుడు అవి జూన్‌లో జరుగుతాయి. సెంట్రల్ పార్కు ఒక్కటే కాకుండా బ్రాంక్స్, క్వీన్స్, బ్రూక్లిన్‌లలోని పార్కులకూ ఆర్కెస్ట్రా తరలి వెళ్తుంది. జనాన్ని హాలుకు రమ్మనడం ఒక పద్ధతి. జనం ఉన్న పేటకు ఆర్కెస్ట్రాయే వెళ్లడం ఇంకా మంచి పద్ధతి.

అసలు ఆర్కెస్ట్రా అంటే ఏమిటి? మనవాళ్లకు ఈ మాట పెళ్లిళ్లలో సినిమా పాటలు పాడే బృందంగానే ఎక్కువ తెలుసు. సింఫనీ ఆర్కెస్ట్రాలో నాలుగు వర్గాల వాద్యాలు ఉంటాయి. కమానుతో వాయించే తీగ వాద్యాలు ముందు వరుసల్లో ఉంటాయి. వయొలిన్, దానికన్నా కాస్త పెద్దదైన వయోలా, మోకాళ్ల మధ్య నిలబెట్టుకునే చెల్లో, మనిషెత్తు మించిన డబుల్ బాస్. వాటి వెనక ఫ్లూటు, ఓబో, క్లారినెట్, బస్సూన్. ఆ వెనక ఇత్తడి వాద్యాలైన హార్న్, ట్రంపెట్, ట్రాంబోన్, ట్యూబా. అన్నిటికన్నా వెనక టింపనీ, డ్రమ్ములు, తాళాలు. కర్ణాటక కచేరీలో ప్రధాన కళాకారుడు ఒకరుంటారు, ఆయన మనోధర్మాన్ని బట్టి కచేరీ నడుస్తుంది. ఇక్కడ ఎనభై మంది ముందూ స్వరలిపి కాగితం ఉంటుంది. స్వరకర్త రాసింది దాటి ఒక్క స్వరం కూడా సొంతంగా వేయరు. ఎంత వేగం, ఎంత మెత్తన, ఏ వాద్యం ముందుకు రావాలి అన్న తీర్పు కండక్టర్‌ది. ఒకే రచన ఇద్దరు కండక్టర్ల చేతిలో రెండు రకాలుగా వినిపించడానికి కారణం అదే.

కొత్తవాళ్లను భయపెట్టేది సంగీతం కాదు, హాలు మర్యాదలు. సింఫనీలో సాధారణంగా నాలుగు భాగాలుంటాయి. భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టకూడదు. కొడితే పక్కవాళ్లు తిరిగి చూస్తారు. ఈ నియమం ఏమంత పాతది కాదు. 1813 డిసెంబరులో వియన్నాలో బీతోవెన్ ఏడో సింఫనీ మొదటిసారి వాయించినప్పుడు రెండో భాగం జనానికి ఎంతగా నచ్చిందంటే, అప్పటికప్పుడు మళ్లీ వాయించమని పట్టుబట్టి వాయింపించుకున్నారు. పార్కుల్లో ఆ పాత స్వేచ్ఛ తిరిగి వస్తుంది. పసివాడు ఏడిస్తే తల్లి వాణ్ని ఎత్తుకుని నాలుగడుగులు అవతలికి వెళ్తుంది, అంతే. ఆకలేస్తే డబ్బా తెరుచుకోవచ్చు. నచ్చకపోతే దుప్పటి మడిచి వెళ్లిపోవచ్చు. టికెట్టుకు డబ్బు పోసిన మొహమాటం లేదు కాబట్టి, ఎన్నడూ వినని రచనను కూడా పది నిమిషాలు విని చూద్దామన్న ధైర్యం వస్తుంది. కొత్త శ్రోత అలాంటి పది నిమిషాల్లోనే పుడతాడు.

పిల్లల కోసం ప్రత్యేకంగా చేసే కచేరీల సంప్రదాయమూ గట్టిదే. 1936లో మాస్కోలో పిల్లల రంగస్థలం కోసం ప్రొకోఫియెవ్ ‘పీటర్ అండ్ ది వుల్ఫ్’ రాశాడు. కథ చెప్పేవాడు ఒకడు ఉంటాడు. పిట్ట వస్తే ఫ్లూటు, బాతు వస్తే ఓబో, పిల్లి వస్తే క్లారినెట్, సణిగే తాతకు బస్సూన్, తోడేలుకు మూడు హార్న్‌లు, పీటర్ అనే కుర్రాడికి తీగ వాద్యాలన్నీ. అరగంట అయ్యేసరికి, పాఠం చెప్తున్నట్టు తెలియకుండానే, పిల్లలకు వాద్యాల గొంతులు గుర్తుండిపోతాయి. న్యూయార్క్‌లో లెనార్డ్ బెర్న్‌స్టయిన్ 1958 నుంచి 1972 దాకా 53 కార్యక్రమాల్లో టీవీ ముందు కూర్చున్న పిల్లలకు సింఫనీ అంటే ఏమిటో, లయ అంటే ఏమిటో విడమరిచి చెప్పాడు. నేటి కుటుంబ కచేరీల్లో ఇంకో మంచి అలవాటు వచ్చింది. కచేరీకి ముందు బల్లల మీద వాద్యాలు పెట్టి పిల్లల్ని ముట్టుకోనిస్తారు. ట్రంపెట్ ఊదితే గాలి తప్ప ఏమీ రానప్పుడు, వేదిక మీద దాన్ని పలికించే మనిషి చేస్తున్నది ఎంత కష్టమో పిల్లాడికి ఒక్క ఊదుకు అర్థమవుతుంది.

పెద్ద నగరాల ఆర్కెస్ట్రాలే కాదు, అమెరికాలో చిన్న పట్టణాల్లోనూ డాక్టర్లు, టీచర్లు, రిటైరైనవాళ్లు, కాలేజీ విద్యార్థులు కలిసి వారానికో సాయంత్రం సాధన చేసే సామాజిక ఆర్కెస్ట్రాలున్నాయి. ఏడాదికి కొన్నిసార్లు బడి ఆడిటోరియంలోనో చర్చిలోనో ఉచితంగా వాయిస్తారు. వాళ్ల బతుకుతెరువు వేరే ఉంది కాబట్టి వాళ్లు జీతం అడగరు. అక్కడి ప్రభుత్వ బళ్లలో చాలావాటిలో నాలుగైదు తరగతుల నుంచే ఆర్కెస్ట్రా, బ్యాండ్ క్లాసులుంటాయి. తెలుగువాళ్ల పిల్లలూ వాటిలో చేరుతున్నారు. బడిలో నిలబడి, గడ్డం కింద నొక్కిపెట్టుకుని వయొలిన్ వాయించి, ఇంటికొచ్చి గురువు ముందు చాప మీద కూర్చుని, తలభాగాన్ని పాదానికి ఆనించి అదే వయొలిన్ మీద వర్ణం పలికించే పిల్లలు ఇప్పుడు అరుదు కాదు.

ఆ వయొలిన్ మన ఇంటికి వచ్చిన దారి కూడా ఇలాంటిదే. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వాళ్ల బ్యాండు వాయించే బాణీలు విని ముత్తుస్వామి దీక్షితులు వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. అవే నొట్టు స్వరాలు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఐరోపా వాళ్ల దగ్గర వయొలిన్ నేర్చుకుని దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. నూరేళ్లు గడిచేసరికి, 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు చేతిలో ఆ వాద్యం తెలుగుదే అయిపోయింది.

ఉచిత కచేరీ కూడా మనకు కొత్తది కాదు. శ్రీరామనవమి పందిట్లో విన్న కచేరీకి తెలుగు శ్రోత ఎప్పుడూ టికెట్టు కొనలేదు. ఊరి వర్తకులు, మోతుబరులు ఇచ్చిన చందాలతో కమిటీ వాళ్లు విద్వాంసుడికి సంభావన ముట్టజెప్పేవాళ్లు. వినేవాళ్లకు ఉచితం, వాయించేవాళ్లకు గౌరవంగా సొమ్ము. అమెరికాలో చట్టాలతో, ట్రస్టులతో సాధించిన ఏర్పాటును మన పల్లెలు చందా పుస్తకంతో సాధించాయి.

ఆ ఏర్పాటు ఇప్పుడు సడలిపోతోంది. చాలా పందిళ్లలో విద్వాంసుడి స్థానంలో లౌడ్‌స్పీకర్ ఉంది. గుళ్లలో హారతి వేళ డోలు, సన్నాయి వాయించే కుటుంబాల బదులు, మోటారుతో గంటను, డోలును కలిపి మోగించే యంత్రం వచ్చేసింది. చెన్నై సినిమా రికార్డింగుల్లో పదుల సంఖ్యలో కూర్చునే వయొలిన్ కళాకారుల పనిని కీబోర్డులు చాలావరకు మింగేశాయి. 1927 తర్వాత అమెరికా థియేటర్లలో జరిగినదే, కాస్త ఆలస్యంగా, మన దగ్గరా జరిగింది. తేడా ఏమిటంటే, పోయిన పనికి బదులు పని కల్పించాలని మన దగ్గర గట్టిగా అడిగినవాళ్లు లేరు. సింఫనీ సంగతికొస్తే, ఇళయరాజా తన సింఫనీ ‘వేలియంట్’ను 2025 మార్చి 8న రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో లండన్‌లో వినిపించారు. దేశం మొత్తానికి ఉన్న వృత్తి సింఫనీ ఆర్కెస్ట్రా ఒక్కటే, 2006లో ముంబయిలో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. హైదరాబాదులోనో విజయవాడలోనో పాశ్చాత్య సింఫనీ పెట్టమని ఎవరూ అడగడం లేదు. వయొలిన్, వీణ, సన్నాయి, మృదంగం, డోలు వాయించేవాళ్లు మన దగ్గరే కావలసినంత మంది ఉన్నారు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో ఆరుబయట లలిత కళాతోరణం ఉంది, విశాఖలో బీచ్ రోడ్డు ఉంది. వారానికి ఒక సాయంత్రం అక్కడ కచేరీ పెట్టించడం నగరపాలక సంస్థలకు మోయలేని ఖర్చు కాదు.

ఏటా వేసవిలో వేల మంది తెలుగు తల్లిదండ్రులు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తారు. పిల్లలు ఉద్యోగాలకు వెళ్లాక ఇంట్లో పొద్దుపోక కూర్చుంటారు. షికాగో శివారు నేపర్‌విల్‌లో ఉంటే రైలెక్కి యూనియన్ స్టేషన్‌లో దిగి, ఇరవై నిమిషాలు నడిస్తే మిలీనియం పార్కు. పగటిపూట ఆర్కెస్ట్రా అదే వేదిక మీద చేసే రిహార్సళ్లను కూడా ఊరికే కూర్చుని వినొచ్చు. ఎడిసన్‌లో ఉంటే న్యూయార్క్‌కు నేరుగా రైలుంది. బోస్టన్‌లో ఉంటే, చార్లెస్ ఆన్స్‌బాకర్ 2001లో స్థాపించిన ల్యాండ్‌మార్క్స్ ఆర్కెస్ట్రా వేసవిలో బుధవారాల్లో హ్యాచ్ షెల్ దగ్గర ఉచితంగా వాయిస్తుంది. సరస్సు గాలి, నది గాలి చల్లగా ఉంటాయి కాబట్టి ఒక శాలువా దగ్గరుంచుకోవాలి. మనవల్ని వెంట తీసుకెళ్లాలి. తిరిగొచ్చాక, వచ్చే శ్రీరామనవమికి ఊళ్లో కమిటీ వాళ్లు చందా పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి వచ్చినప్పుడు, ఈసారి పందిట్లో ఎవరు వాయిస్తున్నారు, వాళ్లకు ఎంత ఇస్తున్నారు అని అడిగి మరీ చందా రాయండి.